బ్రేకులో గాలి బుడగ

మా వీధి చివర ఒకాయనకు చిన్న ట్రక్కు ఉంది. రోజూ తెల్లవారుజామున కూరగాయలు నింపుకొని సంతకు తోలుతాడు. ఒక ఆదివారం ఆయనా, పదో తరగతి చదివే ఆయన కొడుకూ కలిసి బండి కిందికి దూరారు. వెనక కమాను కట్టలు, ముందు షాక్ అబ్జార్బర్లు పాతబడిపోయాయి. షెడ్డులో ఇచ్చే కూలి మిగులుతుందని తామే మార్చుకున్నారు. బండి కుదుపు పోయింది. కాని బ్రేకు పెడల్ తొక్కితే తడి స్పంజి మీద కాలు వేసినట్టు మెత్తగా లోపలికి దిగిపోతోంది!

రాత్రి ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. "మాస్టారూ, మేము మార్చింది స్ప్రింగులు. బ్రేకు ఎందుకు మెత్తబడింది? రెండు మూడుసార్లు తొక్కితే పడుతోంది కదా, పొద్దున్నే బండి తీస్తానంటున్నాడు నాన్న."

"గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో ఎంత దూరం పోతుందో లెక్క వేసి మీ నాన్నకు చెప్పు" అన్నాను. మీరూ వేయండి. దాదాపు 17 మీటర్లు! రెండోసారి తొక్కేలోగా బండి అంత దూరం ముందుకు పోతుంది. ఆ లెక్క విన్నాక ఆయన మర్నాడు బండి తీయలేదు.

ఇక పెడల్ ఎందుకు మెత్తబడిందో చూద్దాం. ఇలాంటి బళ్ళలో పెడల్‌కూ చక్రాలకూ మధ్య ఉండేది సన్నని గొట్టాలలో నిండిన బ్రేకు ద్రవం. ఒకచోట మూసివున్న ద్రవం మీద కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లెయిస్ పాస్కల్ చెప్పాడు. మీ పాఠ్యపుస్తకంలోని ఆ పాస్కల్ నియమమే బండిని ఆపుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. డ్రైవరు పెడల్‌ను 20 కిలోల బలంతో తొక్కాడనుకోండి. పెడల్ ఒక తులాదండం. అది ఆ బలాన్ని 5 రెట్లు పెంచితే ప్రధాన సిలిండరులోని ముషలకం మీద 100 కిలోల బలం పడుతుంది. ముషలకం వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లయితే, ప్రతి చదరపు సెంటీమీటరు మీద 25 కిలోల పీడనం కలుగుతుంది. చక్రం దగ్గరి ముషలకం వైశాల్యం 20 చదరపు సెంటీమీటర్లయితే అక్కడ 500 కిలోల బలం వస్తుంది. అయితే బలం పెరిగినంత మేరకు కదలిక తగ్గుతుంది. పెడల్ 5 సెంటీమీటర్లు దిగితే ప్రధాన ముషలకం ఒక్క సెంటీమీటరే జరుగుతుంది.

ఈ ఏర్పాటుకు ప్రాణం ఒక్కటే: ద్రవం నొక్కితే కుదించుకుపోదు. పైన చెప్పినంత పీడనానికి నీటి పరిమాణం వెయ్యింట సుమారు ఒక వంతు మాత్రమే తగ్గుతుంది. బ్రేకు ద్రవమూ అలాంటిదే. గాలి అలా కాదు. బాయిల్ నియమం ప్రకారం అంత పీడనంలో గాలి పరిమాణం 26వ వంతుకు పడిపోతుంది.

గొట్టంలో 4 ఘనపు సెంటీమీటర్ల గాలి చిక్కుకుందనుకోండి. టీ చెంచాకు కూడా చాలనంత గాలి! దాన్ని కుదించడానికే ప్రధాన ముషలకం దాదాపు ఒక సెంటీమీటరు జరగాలి. అంటే పెడల్ 5 సెంటీమీటర్లు వృథాగా దిగిపోతుంది. చక్రానికి అందవలసిన కదలికను బుడగే మింగేస్తుందన్నమాట.

మరి స్ప్రింగులు మారిస్తే గాలి ఎలా దూరింది? "ముందు చక్రాల దగ్గర రబ్బరు గొట్టాలు విప్పారా?" అని అడిగాను. "అడ్డం వస్తున్నాయని విప్పాము మాస్టారూ" అన్నాడు. తప్పు అక్కడే జరిగింది. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులుంటాయి. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళేన్ని పట్టకారులా పట్టుకొని ఆపే భాగాన్ని క్యాలిపర్ అంటారు. గొట్టం విప్పకుండానే క్యాలిపర్‌ను ఊడదీసి, దాని బరువు గొట్టం మీద పడకుండా తీగతో ఛాసిస్‌కు కట్టి ఉంచవచ్చు. విప్పితే ద్రవం కారిపోతుంది, దాని చోటికి గాలి వస్తుంది.

గాలి తీయాలని వారికీ తెలుసు. క్యాలిపర్ మీద బ్లీడర్ నిపుల్ అనే చిన్న మర ఉంటుంది. దానికి సన్నని పారదర్శక గొట్టం తగిలించి, రెండో కొసను బ్రేకు ద్రవమున్న సీసాలో ముంచాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి. రెండోవారు నిపుల్ కొద్దిగా వదులు చేస్తే ద్రవంతో పాటు బుడగలు బయటికి వస్తాయి. పెడల్ మీద కాలు తీయకముందే నిపుల్ బిగించాలి. లేకపోతే బయటి గాలి మళ్ళీ లోపలికి పోతుంది. పై డబ్బాలో ద్రవం అడుగంటకుండా నింపుతూ ఉండాలి.

తండ్రీ కొడుకులు ఇదంతా మూడుసార్లు చేశారు. అయినా పెడల్ మెత్తగానే ఉంది! ఎందుకంటారు?

సోమవారం పొద్దున షెడ్డు మేస్త్రి వచ్చాడు. ముందు చక్రం దగ్గర వంగి చూసి నవ్వాడు. "బాబూ, నిపుల్ అడుగున ఉంది. గాలి కిందికి దిగి వస్తుందా?" అన్నాడు. కుడి క్యాలిపర్‌ను ఎడమకూ, ఎడమదాన్ని కుడికీ బిగించారు! పైన ఉండవలసిన నిపుళ్ళు కిందికి వచ్చాయి. తేలికైన గాలి పైభాగంలో కూర్చుంది. కిందినుంచి ఎంత ద్రవం వదిలినా అది కదలలేదు. క్యాలిపర్లు మార్చి బిగించి మళ్ళీ గాలి తీస్తే పెడల్ రాయిలా గట్టిపడింది. సూదిమందు ఇచ్చే ముందు నర్సు సిరంజిని నిలువుగా పైకి పట్టి గాలి వదలడం చూశారు కదా? రెండింటిలో ఉన్నది ఒకే సూత్రం.

మెత్తని పెడల్‌కు ఎప్పుడూ గాలే కారణం కాదు. లక్షణాన్ని బట్టి కారణం వెతకాలి. రెండోసారి తొక్కగానే పెడల్ పైకి వచ్చి గట్టిగా నిలిస్తే, వెనక డ్రమ్ము బ్రేకుల ఎడం ఎక్కువై ఉండవచ్చు. తొక్కి పట్టుకున్నప్పుడు మెల్లగా దిగిపోతూ ఉంటే ద్రవం ఎక్కడో కారుతోంది, లేదా ప్రధాన సిలిండరు లోపలి రబ్బరు వాషర్లు అరిగాయి. ఘాటు రోడ్డు దిగాక మాత్రమే మెత్తబడితే ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడి ఉండవచ్చు. డాట్ 3 రకం కొత్త ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. కాని అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ద్రవానికి ఆ ప్రమాణం 140 డిగ్రీలే. అందుకే ద్రవాన్ని అప్పుడప్పుడు మార్చాలి.

మరొక్క మాట. కొన్ని సరుకు బళ్ళలో బరువును బట్టి వెనక బ్రేకుల పీడనాన్ని సరిచేసే కవాటం ఉంటుంది. దాన్ని ఒక కడ్డీతో వెనక ఇరుసుకు కలుపుతారు. కమాను ఎత్తు మారితే ఆ కడ్డీ అమరికనూ సరిచూసుకోవాలి.

మీరూ ఒక ప్రయోగం చేయండి. సూదులు లేని కొత్త సిరంజిలు రెండు, 5 మిల్లీలీటర్లది ఒకటి, 20 మిల్లీలీటర్లది ఒకటి తీసుకోండి. సన్నని ప్లాస్టిక్ గొట్టంతో కలిపి, బుడగ లేకుండా నీరు నింపండి. చిన్న ముషలకాన్ని నొక్కితే పెద్దది వెంటనే కదులుతుంది. దాన్ని స్నేహితుణ్ణి బొటనవేలితో ఆపమనండి, ఎంత బలం కావాలో తెలుస్తుంది. తరువాత గొట్టంలోకి 2 మిల్లీలీటర్ల గాలి పోనిచ్చి మళ్ళీ నొక్కండి. మీ వేలు ముందుకు పోతుంది, పెద్ద ముషలకం మాత్రం ఆలస్యంగా కదులుతుంది. మెత్తని పెడల్ అంటే ఏమిటో మీ వేలికే తెలుస్తుంది.

అయితే నిజమైన బండి బ్రేకుల మీద ప్రయోగాలు చేయకండి. పెడల్ మెత్తబడితే బండిని నిలిపి మెకానిక్‌కు చూపించమని ఇంట్లో పెద్దలకు చెప్పండి. ఆ సోమవారం మా వీధి ట్రక్కు సంతకు పోలేదు. ఒక్క రోజు బేరం పోయింది, అంతే!