ఇసుక కింద దాగిన చిత్రావతి

నది అనగానే పాఠ్యపుస్తకంలోని బొమ్మ ఒకటి కళ్ళ ముందుకు వస్తుంది: రెండు గట్లు, వాటి నడుమ నిండుగా పారే నీరు, ఒక పడవ. తలుపుల, కదిరి, బుక్కపట్నం ప్రాంతాల పిల్లలకు ఆ బొమ్మ అబద్ధంలా తోస్తుంది. వారు చూసే ఏటిలో ఏడాదిలో అధిక భాగం ఇసుకే ఉంటుంది. కాబట్టి నదుల పాఠాన్ని మేము చిత్రావతితోనే మొదలుపెడతాము.

కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం కొండలలో పుట్టిన చిత్రావతి బాగేపల్లి దాటి మన శ్రీ సత్యసాయి జిల్లాలో ప్రవేశిస్తుంది. పుట్టపర్తి, బుక్కపట్నం, ధర్మవరం ప్రాంతాల మీదుగా సాగి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. ఆ కొండల వైపే పుట్టిన పాపాఘ్ని మనకు తూర్పుగా పారి కమలాపురం దగ్గర అదే పెన్నను చేరుతుంది. తలుపుల ఈ రెండు ఏళ్ళ నడుమ ఉన్న కొండల సీమ. బత్రేపల్లి జలపాతాన్ని చూడాలన్నా వానలు పడిన తరువాతే వెళ్ళాలి.

నదీతీరపు ఊరు ఎలా బ్రతుకుతుందో తెలుసుకోవడానికి బుక్కపట్నం మంచి ఉదాహరణ. విజయనగర పాలకుడు బుక్కరాయల పేరును నేటికీ మోస్తున్న ఈ ఊరికి ప్రాణం దాని చెరువు. ఏడాదికి కొద్ది రోజులే వచ్చే చిత్రావతి నీటిని పోనివ్వకుండా నిలిపితే, అది ఆయకట్టుకు పారడమే కాక, నేలలోకి ఇంకి చుట్టుపక్కల బావులలో తేలుతుంది. ధర్మవరం చెరువుకూ ఈ ఏరే ఆధారం. ఈ సీమలో నది ఒడ్డున కాపురమంటే నిజానికి చెరువు కట్ట కింద కాపురమే.

చెరువు కంటికి కనిపించే నిధి అయితే, ఇసుక కనిపించని నిధి. ఇసుక రేణువుల సందులలో నిలిచిన నీటిని ఎండ సులభంగా పీల్చలేదు. అందుకే వేసవిలో సైతం ఏటి నడుమ చెలమ తవ్వితే తేట నీరు ఊరేది. ఊరి స్త్రీలు దానిని గిన్నెతో తోడి బిందెలు నింపుకొనేవారు. ఆ ఇసుకను లారీలకు ఎత్తితే మిగిలేది రాతినేల. ఇక్కడి రాయి గట్టిది, నీరు పగుళ్ళలోనే దొరుకుతుంది. కనుకనే బోర్లు వందల అడుగులు దిగినా ఒట్టిపోతున్నాయి. ఇసుక తవ్వకాలను అదుపు చేయడానికి 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. చట్టం ఉన్నంత మాత్రాన ఏటిలోకి ట్రాక్టరు దిగడం ఆగదని మనందరికీ తెలిసిన సంగతే.

ఎండిన ఏరును చులకనగా చూసేవారు 2021 నవంబరును గుర్తు చేసుకోవాలి. ఆ నెల 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి వరదలో చిక్కుకున్న పది మందిని వైమానిక దళం హెలికాప్టరుతో కాపాడవలసి వచ్చింది. ఏటి దారి ఎప్పటికీ ఏటిదే. పదేళ్ళు నీరు రాలేదని అందులో గోడ కట్టుకున్నవారి మాటను వరద వినదు.

హంద్రీ-నీవా పథకం ద్వారా శ్రీశైలం నుండి కృష్ణా జలాలు మన చెర్లోపల్లి, మారాల జలాశయాలకు చేరడం సంతోషించదగ్గ విషయమే. అయితే ఎత్తిపోతల నీరు కరెంటు మీద, పైనున్న జలాశయం నిండడం మీద ఆధారపడినది. దాన్ని చూసుకొని సొంత చెరువు పూడికను మరచిపోతే చేతిలో ఉన్నదీ జారిపోతుంది.

ఇక మన మస్జిదుల కుళాయిల సంగతి. దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసుకునేవారని ప్రామాణిక హదీసులలో ఉంది. ఫిఖ్‌హ్ పండితుల లెక్కలలో భేదాలున్నా అది సుమారు ఒక లీటరు, లేదా అంతకన్నా తక్కువే. కుళాయి పూర్తిగా విప్పి, మాట్లాడుకుంటూ వుజూ చేస్తే ఎన్ని ముద్ద్‌లు పోతాయో ఒక బకెట్టు కింద పెట్టి కొలిచి చూడవచ్చు. ఆ నీరు ఇప్పుడు చాలా చోట్ల వీధి కాలువలోకి పోతోంది. మస్జిదు ఆవరణలో ఒక ఇంకుడు గుంత తవ్వి, కంకర, ఇసుక పరచి, వుజూ నీటిని అందులోకి మళ్ళించడానికి కమిటీకి పెద్ద ఖర్చు కాదు. వానాకాలానికి ముందే ఆ పని పూర్తయితే, పైకప్పు మీద పడే వాన నీరూ అందులోకే దిగుతుంది.