ఎడమకాలు మరిచిన విద్య

పదేళ్లు అమెరికాలో ఆటోమేటిక్ కారు నడిపిన అల్లుడు సెలవులకు విజయవాడ వచ్చి మామగారి పాత మారుతి 800 బయటికి తీస్తాడు. బెంజ్ సర్కిల్ దగ్గర బండి రెండుసార్లు ఆగిపోతుంది. వెనక ఆటోల హారన్లు, పక్కసీట్లో మామగారి మౌనం. కాలిఫోర్నియాలో మాంటరే దగ్గరున్న లగూనా సెకా ట్రాక్ మీద పాత కార్లు నడపబోయే పేరుమోసిన రేసర్లకూ ఈ క్లచ్ పరీక్ష తప్పదు. 1974లో మొదలైన పాత రేసుకార్ల పండగ అక్కడ ఆగస్టులో జరుగుతుంది. దాన్ని చూసొచ్చినవాళ్లు చెప్పే మాటల్లో కొన్ని సరిచేయాల్సినవి ఉన్నాయి.

అపోహ: నేటి డ్రైవర్‌కి యాభై ఏళ్ల కిందటి కారు ఆటబొమ్మ.

వాస్తవం: ఈనాటి ఫార్ములా వన్ కారులో పెడళ్లు రెండే. ఎడమకాలు బ్రేకుకి, కుడికాలు యాక్సిలరేటర్‌కి. గేరు మార్చడానికి స్టీరింగ్ వెనక వేలితో లాగితే చాలు. 1970ల కారులో ఎడమకాలు క్లచ్ మీద ఉండాలి. కుడిపాదం ఒకపక్క బ్రేకు తొక్కుతూనే, అదే పాదం అంచుతో యాక్సిలరేటర్‌ని ఒక్క తట్టు తట్టాలి. అప్పుడే కింది గేరు కిర్రుమనకుండా పడుతుంది. ఇదంతా ఎక్కడ? కార్క్‌స్క్రూ మలుపు ముందు. గట్టెక్కుతుంటే ఎదురుగా ఆకాశం తప్ప రోడ్డు కనబడదు; ఆపైన 18 మీటర్ల లోతుకి మెలికలు తిరుగుతూ దిగిపోవడమే. అక్కడ నాలుగో గేరు అనుకుని రెండోది వేస్తే, కొత్త కారు కంప్యూటర్ ఒప్పుకోదు. పాత కారుకి అంత తెలివి లేదు, వేసిన గేరు వేసుకుంటుంది. వాల్వులు వంగి ఇంజన్ చేతికొస్తుంది.

1950ల మసెరాటి 250ఎఫ్ మరీ చిత్రం. యాక్సిలరేటర్ మధ్యలో, బ్రేకు కుడిపక్కన. కంగారులో మధ్య పెడల్ తొక్కారో, ఆగాల్సిన బండి దూకుతుంది.

అపోహ: పాతవి నెమ్మది కార్లు, పైగా ప్రదర్శనే కదా, ప్రమాదం ఉండదు.

వాస్తవం: 1975 ఆగస్టులో అలబామాలోని టాలడేగా ట్రాక్ మీద రేసర్ మార్క్ డోనహ్యూ పోర్షె 917/30లో ఒక చుట్టుని సగటున గంటకి 355 కిలోమీటర్లకి పైగా వేగంతో తిరిగాడు. ఆ 917 జాతి కార్లలో డ్రైవర్ పాదాలు ముందు ఇరుసు కన్నా ముందుంటాయి. గోడ తగిలితే మొదట నలిగేది అవే. ఇక ప్రదర్శన సంగతంటారా, 2022లో మొనాకోలో ఫార్ములా వన్ డ్రైవర్ షార్ల్ లెక్లెర్ 1974 నాటి ఫెరారీ తిప్పుతుంటే బ్రేకు పోయి, కారు వెనక భాగం గోడకి కొట్టుకుంది. ఊరు ఆయనదే, వీధులు చిన్ననాటి నుంచి తెలిసినవే.

అపోహ: చేతులూపుతూ రెండు చుట్లు తిరగడం, అంతా ఉత్తుత్తి షో.

వాస్తవం: సగం నిజమే. కొన్ని కార్యక్రమాల్లో ఊరేగింపే. మాంటరేలో మాత్రం పోటీలే పడతారు, కాకపోతే గెలుపు కన్నా కారు క్షేమం ముఖ్యం. విరిగిన భాగం బజార్లో దొరకదు, చేయించుకోవాల్సిందే.

అపోహ: కారు ఎంత పాతదైతే తంటా అంత ఎక్కువ.

వాస్తవం: నాకు అన్నిటికన్నా నచ్చిన అపోహ ఇది, ఎందుకంటే చాలాసార్లు వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. మారియో ఆండ్రెట్టి 1978లో ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయినప్పుడు నడిపిన లోటస్ 79లో ఉన్నది కాస్‌వర్త్ డీఎఫ్‌వీ ఇంజన్. 1967లో రంగంలోకి దిగిన ఆ ఇంజన్ని తెలిసిన మెకానిక్ విప్పి, బిగించి, నడిపించగలడు. 2013 నాటి మెక్‌లారెన్‌ని నిద్రలేపాలంటే ముందు ఇంజన్‌లోకి వేడినీళ్లు పంపాలి, ల్యాప్‌టాప్‌లు తగిలించాలి, దాని సాఫ్ట్‌వేర్ తెలిసిన మనుషులు పక్కనుండాలి.

సరిగ్గా ఆ మెక్‌లారెన్‌నే 2022 అక్టోబరులో లగూనా సెకాలో ఆండ్రెట్టి నడిపారు. అప్పటికి ఆయన వయసు 82. మూడు పెడళ్ల మీద ప్రపంచాన్ని గెలిచిన మనిషి కాళ్ల దగ్గర ఈసారి రెండే పెడళ్లు.