హైబ్రిడ్ కారు బ్యాటరీ ఆయుర్దాయం

కర్నూలు నుండి కడపకు పోయే జాతీయ రహదారిపై ఆళ్లగడ్డ దాటిన పిమ్మట చాగలమర్రి వస్తుంది. అక్కడి టోలు గేటు వద్ద ప్రతి వాహనమూ వేగం తగ్గించక తప్పదు. ఒకే రకమైన రెండు హైబ్రిడ్ కార్లు ఆ దారిన ప్రతిదినం తిరుగుతున్నవనుకొందాము. ఏండ్లు గడచిన పిమ్మట ఒకదాని బ్యాటరీ దిట్టంగా ఉన్నది, రెండవదానిది నీరసించినది. కారు ఒకటే, దారి ఒకటే. మరి భేద మెక్కడ? చాలవరకు చోదకుని పాదంలోనే.

హైబ్రిడ్ కారులో పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు రెండూ ఉంటాయి. 1997లో జపానులో వెలువడిన టయోటా ప్రియస్ ఈ తరహా కార్లకు దారి చూపింది. బ్రేకు నొక్కినప్పుడు మోటారే డైనమోగా మారి, కారు గతిజశక్తిని విద్యుత్తుగా మార్చి బ్యాటరీలో నిలువచేస్తుంది.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాము. కారు ద్రవ్యరాశి 1800 కిలోగ్రాములు, వేగం గంటకు 72 కిలోమీటర్లు, అనగా సెకనుకు 20 మీటర్లు. గతిజశక్తి 3,60,000 జౌళ్లు. మన ఇంటి మీటరు లెక్కలో యూనిటులో పదవవంతు. గేటును దూరం నుండే చూచి 18 సెకనులలో మెల్లగా ఆపితే, ఆ శక్తి సగటున సెకనుకు 20 కిలోవాట్ల చొప్పున కాదు, 20 కిలోజౌళ్ల చొప్పున, అనగా 20 కిలోవాట్ల రేటున వెలువడుతుంది. గేటు దాకా వచ్చి 4 సెకనులలో ఆపితే ఆ రేటు 90 కిలోవాట్లు! అంత ఉధృతిని బ్యాటరీ స్వీకరించలేదు. మిగిలినది బ్రేకు పలకల రాపిడిలో వేడిగా వ్యర్థమవుతుంది.

నష్టం అంతటితో తీరదు. ఘటంలో పుట్టే ఉష్ణం ప్రవాహపు వర్గాన్ని అనుసరిస్తుందని విద్యార్థులు చదివే ఉన్నారు. అదే విద్యుత్తును సగం కాలంలో పంపితే ప్రవాహం రెట్టింపు, క్షణక్షణానికీ ఉష్ణం నాలుగు రెట్లు. కాలం సగమే కాబట్టి మొత్తం ఉష్ణం రెండు రెట్లు. గేటు దాటగానే యాక్సిలరేటరును అదిమితే మరల అదే తంతు. వేడి పెరిగినకొద్దీ ఘటంలోని అవాంఛిత రసాయనచర్యలు త్వరితమై, దాని శక్తి క్షీణిస్తుంది.

ఘటాలు ఒంటరిగా పనిచేయవు. 2003 నాటి ప్రియస్‌లో 1.2 వోల్టుల ఘటాలు 168 శ్రేణిలో కలిసి సుమారు 202 వోల్టులిచ్చేవి. జోడెద్దులలో ఒకటి కూలబడితే బండి ఆగినట్లే, ఒక్క ఘటం బలహీనమైతే మాల అంతా కుంటుపడుతుంది.

బ్యాటరీ పూర్తిగా నిండకుండా, పూర్తిగా అడుగంటకుండా కారులోని కంప్యూటరే కాపాడుతుంది. కావున ఆ చింత మనకు అక్కరలేదు. అది చేయలేని పనులు కొన్ని ఉన్నవి. వేసవిలో ఇచ్చట ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పెక్కు కార్లలో బ్యాటరీ చల్లబడేది లోపలి గాలితోనే. అందుచేత కారును నీడలో నిలుపవలెను. ఎండలో నిలిపిన కారును కదిలించేముందు తలుపులు తెరచి వేడిగాలిని వెళ్లనీయవలెను. సీటు చెంతనుండే గాలిరంధ్రానికి మూటలు అడ్డుపెట్టరాదు. దాని జల్లెడలోని దుమ్మును తీయించుచుండవలెను. టయోటా హైబ్రిడ్ కార్లలో గేరు న్యూట్రలులో ఉండగా ఇంజను బ్యాటరీని నింపదు. కాబట్టి ఏ.సి. వేసుకొని చాలసేపు నిలిచి ఉండవలసినప్పుడు పార్కింగు గేరే మేలు. నెలల తరబడి కదలని కారులో బ్యాటరీ తనంతట తానే తరిగిపోతుంది, అప్పుడప్పుడు నడుపుచుండవలెను.

ఉపాధ్యాయులు పై లెక్కను గంటకు 108 కిలోమీటర్ల వేగానికి చేయించవచ్చును. వేగం ఒకటిన్నర రెట్లయితే శక్తి 2.25 రెట్లవుతుంది. ముందుచూపుతో పాదాన్ని మెల్లగా మోపే చోదకుడు బ్యాటరీని కాపాడుతాడు, పెట్రోలు మిగుల్చుతాడు. రోడ్డు దాటే పిల్లవానికి కూడ మేలు చేస్తాడు.