సర్వర్ ఆగినా సర్వీస్ ఆగకూడదంటే..? రెప్లికేషన్, ఫెయిలోవర్ అంటే ఏంటి?

2021 ఫిబ్రవరి 24.. ఉదయం 11.40 గంటలకు నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ట్రేడింగ్ ఒక్కసారిగా నిలిచిపోయింది. టెలికాం లింకుల్లో తలెత్తిన సమస్యే ఇందుకు మూలం. మళ్లీ మొదలయ్యేసరికి మధ్యాహ్నం 3.45 అయింది. ఇలాంటప్పుడు ఆదుకోవాల్సింది స్టాండ్‌బై సర్వర్లే. మరి అవి ఎలా పనిచేస్తాయి? తెలుసుకుందాం.

సర్వర్‌లోని డేటాను ఎప్పటికప్పుడు మరోచోట ఉన్న సర్వర్‌లోకి కాపీ చేయడమే రెప్లికేషన్. మొదటిది పడిపోతే పనిని రెండోదానికి అప్పగించడం ఫెయిలోవర్. అయితే అన్ని సర్వర్లకూ ఒకే పద్ధతి సరిపోదు.

డేటాబేస్: డబ్బు లావాదేవీలుంటే రెండుచోట్లా రాశాకే 'ఓకే' చెప్పే సింక్రనస్ పద్ధతి మేలు. డేటా పోదు. కానీ రెండు సైట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. దూరంగా ఉన్న సైట్‌కు కాస్త ఆలస్యంగా పంపే అసింక్రనస్ పద్ధతి వాడతారు. ఇందులో చివరి కొన్ని సెకన్ల డేటా పోయే ప్రమాదం ఉంది.

ఫైల్ సర్వర్: మొత్తం ఫైళ్లు కాకుండా మారిన భాగాలనే పంపితే చాలు. నెట్‌వర్క్‌పై భారం తగ్గుతుంది.

వెబ్ సర్వర్: యూజర్ల డేటా ఇందులో దాచకపోతే పని సులువు. నాలుగు సర్వర్లు పెడితే, ఒకటి ఆగినా లోడ్ బ్యాలెన్సర్ మిగతా మూడింటికీ ట్రాఫిక్ మళ్లిస్తుంది.

వర్చువల్ మెషీన్: ఆపరేటింగ్ సిస్టమ్, అప్లికేషన్ సహా మొత్తం డిస్క్‌నే కాపీ చేసి, అవసరమైనప్పుడు మరోచోట ఆన్ చేస్తారు.

కాపీ ఉంది కదా అని ధీమాగా ఉండొచ్చా?

అస్సలు కుదరదు. రెప్లికేషన్‌కు మంచీచెడూ తెలియదు. ఇక్కడ పొరపాటున డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. వైరస్ లాక్ చేసిన ఫైళ్లూ అలాగే వెళ్తాయి. అందుకే పాత తేదీల బ్యాకప్ వేరుగా ఉండాల్సిందే.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఇదే తేలింది. వెనకబడిన రెండో డేటాబేస్‌ను సరిచేయబోయి, ఓ ఇంజినీర్ పొరపాటున ప్రధాన సర్వర్‌లోని డేటాను తుడిచేశారు. దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీనే! తీరా చూస్తే రోజువారీ బ్యాకప్‌లు పనిచేయడం లేదు. సుమారు ఆరు గంటల ముందు తీసిన ఓ కాపీ దొరకబట్టి గండం గట్టెక్కింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది.

అందుకే రిహార్సల్ తప్పనిసరి. 2024 మార్చి 2, శనివారం నాడు ఎన్‌ఎస్‌ఈ ఇదే చేసింది. ఉదయం ప్రధాన సైట్ నుంచి, ఆ తర్వాత డిజాస్టర్ రికవరీ సైట్ నుంచి నిజమైన ట్రేడింగే నడిపింది.

మీ ఆఫీసులో సర్వర్ ఉందా? అయితే ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి. ఎంతసేపటి డేటా పోతే తట్టుకోగలం? ఎన్ని నిమిషాల్లో మళ్లీ నిలబడాలి? ఎంత ఖర్చు పెట్టాలో, ఏ పద్ధతి ఎంచుకోవాలో ఆ జవాబులే చెబుతాయి. ఆ తర్వాత ఓ సెలవు రోజు చూసి, ప్రధాన సర్వర్‌ను మీరే ఆపి చూడండి. రెండోది అందుకుంటేనే మీ డేటాకు భద్రత ఉన్నట్టు.