రేవులో 11వ నంబరు ఎందుకు?

తుఫాను వస్తోందంటే వార్తల్లో వినిపించే మాట ఒకటుంది: "కాకినాడ, మచిలీపట్నం రేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక." నంబరు పెరిగితే గాలి జోరు పెరిగినట్టేనా? అది సగమే నిజం.

1, 2 నంబర్లు ముప్పు ఇంకా నడిసంద్రంలోనే ఉందని చెబుతాయి. 3, 4 వచ్చాయంటే రేవులోనే జాగ్రత్తపడాలి. 5 నుంచి 7 వరకు ప్రమాదం, 8 నుంచి 10 వరకు పెనుప్రమాదం. అసలు కిటుకు ఇక్కడుంది. 8, 9, 10 మూడూ తీవ్ర తుఫానుకే. తేడా దాని దారిలో ఉంది. రేవు తుఫాను దారికి ఎడమవైపు పడితే 8, కుడివైపు పడితే 9, తుఫాను రేవు మీదుగానో బాగా దగ్గరగానో వెళ్తుంటే 10.

పక్క ఎందుకంత ముఖ్యం? మన దగ్గర తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తుఫాను పడమటికి సాగి మన తీరం దాటేటప్పుడు, దాని కుడివైపు గాలులు సముద్రాన్ని ఊళ్లమీదికి తోస్తాయి. 1977 నవంబరులో దివిసీమలో వేలమందిని మింగింది అలా పొంగిన నీరే.

ఈ సంకేతాలను పగలు స్తంభానికి శంకువులు, స్తూపాల ఆకారాలు కట్టి చూపిస్తారు. రాత్రి ఎరుపు, తెలుపు దీపాలతో. రేడియో లేని పడవకైనా కనబడాలి కదా!

మరి 11? వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం విషమించేలా ఉందని స్థానిక అధికారి భావిస్తున్నారు అని దాని అర్థం. 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు కరెంటూ ఫోన్లూ మూగబోయాయి. కబురు అందకపోవడాన్నే కబురుగా మార్చిన ఈ నంబరంటే నాకెంతో గౌరవం.