కడుపు కట్టుకోకుండా పొదుపు చేయడమెలా?

"పొదుపా? వచ్చేదే చాలడం లేదు, ఇక దాచేదేముంది?" పొదుపు మాట ఎత్తగానే చాలామంది ఇల్లాళ్లు అనే మాట ఇదే. నిజమే మరి! పప్పు ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, నూనె ధర చూస్తే గుండె జారుతుంది. అయినా కొందరు ఎలాగోలా నాలుగు రాళ్లు వెనకేస్తారు. ఎక్కడ మిగులుస్తున్నారని అడిగి చూడండి. పిల్లలకు పాలు, ఆయనకు పెరుగు, అత్తమ్మకు పండు పెట్టాక, తనకు మాత్రం అడుగున మిగిలిన చారు, మాడిన అన్నం. అదే వాళ్ల పొదుపు!

ఇది పొదుపు కాదండీ, అప్పు. ఒంటి దగ్గర చేసిన అప్పు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే సగం మందికి పైనే! దీనికి కారణాలు ఎన్నో ఉండొచ్చు. కానీ ఇంట్లో అందరికన్నా చివర తినడం, అందరికన్నా తక్కువ తినడం వాటిలో ఒకటని మనకు తెలియదా?

అందుకే ఈసారి, మీ కంచం జోలికి పోకుండా ఇంటి ఖర్చు ఎక్కడెక్కడ తగ్గించుకోవచ్చో, ఆ మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టుకుంటే మీది మీకే ఉంటుందో చూద్దాం.

జీతం ఇల్లు వేరు, పంట ఇల్లు వేరు

పొదుపు సలహాలు చాలావరకు ఒకటో తారీఖున జీతం అందుకునే ఇంటి కోసం రాసినవే. మరి మెదక్ జిల్లాలో పెద్దశంకరంపేట, చిన్నశంకరంపేట లాంటి మండల కేంద్రాల్లో, వాటి చుట్టూ ఉన్న ఊళ్లలో ఎన్ని ఇళ్లకు నెల జీతం వస్తుంది? వానాకాలం పంట అమ్మినప్పుడు ఒకసారి, యాసంగి పంట అమ్మినప్పుడు ఒకసారి డబ్బు కనిపిస్తుంది. మధ్యలో అయిదారు నెలలు కిరాణా దుకాణంలో ఖాతా నడవాల్సిందే.

ఇలాంటి ఇంటికి ఒక ఉపాయం. పంట డబ్బు రాగానే ఎరువుల బాకీ, చేబదుళ్లు తీర్చాక మిగిలినదాన్ని బ్యాంకులో వేసి, నోటు పుస్తకంలో ఆరు భాగాలుగా రాసుకోండి. ప్రతి నెలా ఒక్క భాగమే తీయండి. జూన్‌లో బడి ఫీజులు, బతుకమ్మకు బట్టలు, సంక్రాంతికి పిండివంటలు... ఇవేవీ చెప్పకుండా వచ్చే ఖర్చులు కావు కదా! వాటిని ముందే వేరుగా రాసిపెట్టుకుంటే, పండుగ ముందు రోజు పక్కింటి గడప తొక్కే పని ఉండదు.

రోజుకు పది రూపాయలు

ఒక్క నెల రోజులు ప్రతి ఖర్చూ రాయండి. అగ్గిపెట్టె కూడా! నెలాఖరున చూసుకుంటే కనీసం రోజుకు పది రూపాయలు ఎందుకు పోయాయో చెప్పలేని ఖర్చు బయటపడుతుంది. పిల్లాడు మారాం చేస్తే కొన్న కుర్‌కురే, ఇంట్లో ఉండగానే మళ్లీ కొన్న కొత్తిమీర కట్ట... ఇలాంటివే.

పదే కదా అనుకోకండి. ఏడాదికి 3,650 రూపాయలు! ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చారనుకోండి. నెలకు 300, ఏడాదికి 3,600 రూపాయలు వడ్డీ. అసలు అలాగే ఉంటుంది! అంటే ఆ రోజుకు పది రూపాయలు, పదివేల అప్పు మీద ఏడాది వడ్డీతో సమానం. మూడేళ్లు దాచితే అసలు ఆ అప్పు చేసే అవసరమే రాకపోవచ్చు.

ఇంకో చిన్న చిట్కా. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. మెదక్ వెళ్లొచ్చిన రోజున, ఇవ్వాల్సిన టికెట్ డబ్బు ఎంతో అంత తీసి ఒక డబ్బాలో వేయండి. బస్సు ఉచితం కదా అని పట్నం పోయి అవసరం లేని చీర కొనుక్కొస్తే మాత్రం ఆ ఉచితం చాలా ఖరీదైపోతుంది సుమండీ!

ఏ సామాను ఎప్పుడు కొనాలి?

మన అమ్మమ్మలు ఏడాది సామాను ఎండాకాలంలో కొనేవారు. ఎందుకంటే కొత్త పంట సంతకు వచ్చేది అప్పుడే. కందులు సంక్రాంతి ప్రాంతంలో, ఎండుమిర్చి, పసుపు, చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొత్తవి వస్తాయి. కిలో, అరకిలో చొప్పున ఏడాది పొడవునా కొనే బదులు ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి అంగట్లో ఒకేసారి తెచ్చుకుని పంచుకోండి. మిరపకాయలు బాగా ఎండబెట్టి గిర్నీలో పట్టిస్తే రంగు కలిపిన కారం భయమూ ఉండదు.

కొన్నది పురుగు పట్టిపోతే పొదుపు కాస్తా దండగవుతుంది. కందిపప్పును ఎండలో బాగా ఆరబెట్టి, కొద్దిగా ఆముదం పట్టించి, తడి లేని డబ్బాలో పోయండి. బియ్యంలో ఎండిన వేపాకు వేయండి. చింతపండు గింజ, ఈనె తీసి, ఉప్పు చల్లి జాడీలో కూరితే ఏడాదైనా చెడదు.

జహీరాబాద్ పక్కన పస్తాపూర్ గురించి వినే ఉంటారు. ఒకప్పుడు అదీ మెదక్ జిల్లానే, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో అక్కడి పేద ఆడవాళ్లు సంఘాలు కట్టారు. జొన్న, కొర్ర, కంది లాంటి పాత పంటలు పండించి విత్తనం దాచుకున్నారు. విత్తనం కొనే ఖర్చు తప్పింది, ఇంట్లో గింజ నిలిచింది. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది. పొదుపంటే నోట్లే కాదు, గింజ కూడా పొదుపేనని వాళ్లను చూస్తే తెలుస్తుంది.

ప్యాకెట్ల మాయ

పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకని నమ్మేయకండి. షాంపూ సంగతే తీసుకోండి. కొన్నిసార్లు సీసా కంటే చిన్న సాచెట్లే చవక పడతాయి. అదే బిస్కెట్లు, సబ్బుపొడి అయితే చాలాసార్లు పెద్దదే మేలు. ఎలా తెలుసుకోవాలి? ధరను బరువుతో భాగించండి, అంతే. మీకు లెక్క కష్టమైతే బడికి వెళ్లే పిల్లలకు అప్పజెప్పండి. వాళ్లకూ లెక్కలొస్తాయి, మీకూ డబ్బు మిగులుతుంది.

"ఒకటి కొంటే ఒకటి ఉచితం" అన్నప్పుడు ఆ మొదటిది మీకు అవసరమా అని చూడండి. అవసరం లేనిది సగం ధరకు వచ్చినా ఆ సగం దండగే.

గ్యాసు, కరెంటు

సిలిండర్ పెట్టిన రోజున క్యాలెండర్ మీద తేదీ రాయండి. 14.2 కిలోల సిలిండర్ మీ ఇంట్లో ఎన్ని రోజులు వస్తుందో తెలిస్తేనే ఎన్ని రోజులు పెంచగలిగారో తెలుస్తుంది. పప్పు గంట, బియ్యం అరగంట ముందే నానబెట్టండి. ఒకే కుక్కర్‌లో గిన్నెల మీద గిన్నె పెట్టి అన్నం, పప్పు, ఆలుగడ్డ కలిపి ఉడికించండి. గిన్నె మీద మూత తప్పనిసరి. మరుగు రాగానే మంట తగ్గించండి. మంట నీలంగా కాకుండా పసుపుగా వస్తుంటే బర్నర్ రంధ్రాలు పూడుకున్నాయన్నమాట. శుభ్రం చేయండి. అన్నీ తరిగి పక్కన పెట్టుకున్నాకే పొయ్యి వెలిగించడం అన్నిటికన్నా సులువైన ఉపాయం.

కరెంటు విషయానికొస్తే, 2024లో మొదలైన గృహజ్యోతి పథకంలో అర్హత ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. కానీ 200 దాటిందా, పై యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి! అందుకే ఏది ఎంత తాగుతుందో తెలుసుకోవాలి. పాత 60 వాట్ల బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. అదే 9 వాట్ల ఎల్‌ఈడీ అయితే యూనిట్టున్నర కూడా కాదు. 75 వాట్ల ఫ్యాను రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. 2,000 వాట్ల గీజర్ రోజూ అరగంట వేస్తే నెలకు 30 యూనిట్లు. వేసవిలో గీజర్ స్విచ్ ముట్టుకోకపోతే సగం సమస్య తీరినట్టే.

పారేసే పొట్టుతో పచ్చడి

బీరకాయ చెక్కు తీసి చెత్తలో వేస్తున్నారా? ఆగండి! కాయలను ముందే ఉప్పునీళ్లలో బాగా కడిగి, గట్టి ఈనెలు తీసేసి, లేత పొట్టు గుప్పెడు తీసుకోండి. రెండు చెంచాల నువ్వులు దోరగా వేయించి పక్కన పెట్టండి. అదే మూకుడులో చెంచా నూనె వేసి, అయిదారు పచ్చిమిర్చి, ఈ పొట్టు పచ్చివాసన పోయేదాకా వేయించండి. చల్లారాక నువ్వులు, చిన్న చింతపండు రెబ్బ, జీలకర్ర, నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు, ఉప్పు చేర్చి కచ్చాపచ్చాగా రుబ్బి పోపు పెట్టండి. వేడన్నంలోకైనా, జొన్నరొట్టెలోకైనా బ్రహ్మాండంగా ఉంటుంది. కాయతో కూర, పొట్టుతో పచ్చడి. ఒక్క కొనుగోలుకు రెండు వంటలు!

మిగిలిన రొట్టెలుంటే తునకలు చేసి, బెల్లం, కాస్త నెయ్యి కలిపి మలీద చేయండి. బడి నుంచి వచ్చిన పిల్లలు కుర్‌కురే మాటే ఎత్తరు.

వీటిలో మాత్రం కోత వద్దు

పాలు, గుడ్డు, పప్పు, ఆకుకూర, మందులు, ఆడపిల్ల చదువు. ఈ ఆరింటి జోలికి పోకండి. మాంసం కొనలేని వారం పల్లీలు, బెల్లం, తోటకూర, మునగాకు, గంగవాయిలి కూర ఉండనే ఉన్నాయి. పప్పులో, ఆకుకూరలో నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది, గంట ఆగండి. అన్నిటికన్నా ముఖ్యం, వడ్డించేటప్పుడే మీ కంచం కూడా వడ్డించి పక్కన పెట్టండి. గుడ్లు నలుగురికి నాలుగు ఉడికిస్తే, ఆ నలుగురిలో మీరూ ఒకరు!

దాచిన డబ్బు ఎక్కడుండాలి?

పోపుల డబ్బా, బియ్యం డ్రమ్ము, చీరల మడత. మన బ్యాంకులన్నీ ఇవే కదా! 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవన్నప్పుడు ఏమైందో గుర్తుందా? ఏళ్ల తరబడి గుట్టుగా దాచుకున్న డబ్బు ఎందరో ఇల్లాళ్లు మొగుడి చేతికిచ్చి మార్పించుకోవాల్సి వచ్చింది. వాటిలో ఎన్ని తిరిగి పోపుల డబ్బాకు చేరాయో వాళ్లకే తెలియాలి.

కాబట్టి మీ పేరు మీద, మీ సంతకంతో ఖాతా ఉండాలి. బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల దాకా డిపాజిట్‌కు బీమా ఉంది. పోస్టాఫీసులో నెలకు 100 రూపాయలతోనే రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టొచ్చు. పదేళ్ల లోపు ఆడపిల్ల ఉంటే 2015లో వచ్చిన సుకన్య సమృద్ధి ఖాతాలో ఏడాదికి కనీసం 250 రూపాయలు వేసినా చాలు. తెలిసినవాళ్లే కదా అని రిజిస్ట్రేషన్ లేని చిట్టీల్లో మాత్రం వేయకండి. చిట్టీ నడిపే ఆమె ఊరు వదిలిపోతే మీ చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు.

ఇక సంఘం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మీద తిరగబడితే, ఆ సెగకు 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత ఆ జిల్లాలోనే రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. మొగుడు తాగకుండా మిగిలిన రూపాయి ఆడవాళ్ల పుస్తకంలో చేరిందన్నమాట! అదే 1992లో నాబార్డ్ సంస్థ దేశంలో 500 సంఘాలను బ్యాంకులకు కలిపే పని మొదలుపెట్టింది. ఇప్పుడు మీ ఊళ్లో మహిళా సంఘం లేని వాడ ఉండకపోవచ్చు. నూటికి మూడు వడ్డీకి పోయే బదులు సంఘం అప్పు ఎంతో మేలు. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. మీ పేరు మీద తీసిన అప్పు ఎవరు ఖర్చు చేసినా తీర్చాల్సింది మీరే. డబ్బు ఎందుకో, ఎవరికో, ఎప్పుడు తీరుతుందో తేలాకే వేలిముద్రైనా, సంతకమైనా!

ఈ వారం అన్నీ ఒకేసారి మొదలుపెట్టనక్కర్లేదు. ఒక నోటు పుస్తకం కొనండి. మొదటి పేజీలో ఆ పుస్తకం ఖరీదు రాయండి. రాత్రి అందరితో పాటు మీరూ కూర్చుని కడుపునిండా తిని, తర్వాత ఆ రోజు లెక్క రాసుకోండి. నెల తిరిగేసరికి ఎంత మిగిలిందో మీకే తెలుస్తుంది. ఏమంటారు?