ఊవె గారి కోపం మాకెందుకంత ముద్దు?

స్వీడన్‌లో ఓ చిన్న కాలనీ. అందులో 59 ఏళ్ల పెద్దమనిషి. పొద్దున్నే లేచి కాలనీ అంతా ఓ రౌండ్ కొడతాడు. సైకిల్ పెట్టకూడని చోట ఎవరు పెట్టారు, గ్యారేజీ తలుపులు సరిగ్గా పడ్డాయా లేదా, సిగరెట్ పీక ఎవడు పారేశాడు... అన్నీ చూసుకోవాల్సిందే. కాలనీ లోపలికి కారు తెచ్చినవాడికి ఆ రోజు మూడినట్టే. పిల్లి కనిపించినా తిట్లే, పక్కింటి కుక్క కనిపించినా తిట్లే.

ఇలాంటాయన మన అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఏం చేస్తాం? లిఫ్ట్‌లో కనిపిస్తే మెట్లెక్కి పోతాం. అదే ఆయన సినిమాలో కనిపిస్తే మాత్రం మూడోసారి, నాలుగోసారి పెట్టుకుని చూస్తున్నాం. నేనూ అంతే. మా ఫ్రెండ్స్‌లో ఎవరైనా చిన్న విషయానికి గొంతు పెంచితే చాలు, ‘వచ్చాడ్రా ఊవె’ అంటాం. అది తిట్టు కాదు, బిరుదు.

సినిమా పేరు ‘ఎ మ్యాన్ కాల్డ్ ఊవె’. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి మనం ‘ఓవ్’ అనేస్తాం గానీ, స్వీడన్‌వాళ్లు పలికేది ‘ఊవె’ అనే. ఫ్రెడ్రిక్ బాక్‌మన్ 2012లో రాసిన మొదటి నవల దీనికి ఆధారం. హాన్నెస్ హోల్మ్ డైరెక్షన్‌లో 2015 క్రిస్మస్‌కి రిలీజైంది. అప్పటికి స్వీడన్ జనాభా కోటికి కాస్త తక్కువ. అక్కడి థియేటర్లలో తెగిన టికెట్లు 16 లక్షల పైమాటే. ఆస్కార్‌కి కూడా ఉత్తమ విదేశీ భాషా చిత్రం, మేకప్ విభాగాల్లో నామినేట్ అయింది. ఊవె పక్కింట్లోకి దిగేది ఇరాన్ నుంచి వచ్చిన అమ్మాయి పర్వానే. ఆ రోల్ చేసిన బహార్ పార్స్ పుట్టిందీ ఇరాన్‌లోనే. తమాషా ఏంటంటే, ఆ ఏడాది విదేశీ చిత్రం ఆస్కార్ ఎగరేసుకుపోయింది కూడా ఇరాన్ సినిమానే... అస్గర్ ఫర్హాదీ ‘ద సేల్స్‌మన్’.

ఇక్కడి నుంచి కథ చెప్పేస్తున్నా. చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.

ఊవె భార్య సోన్యా క్యాన్సర్‌తో పోయి ఆరు నెలలైంది. 43 ఏళ్లు చేసిన ఉద్యోగం నుంచి కూడా పంపించేశారు. రోజూ సమాధి దగ్గరికెళ్లి పూలు పెట్టి, ఊళ్లోవాళ్ల మీద కంప్లయింట్లన్నీ ఆమెకే చెప్పుకుంటాడు. త్వరలోనే నీ దగ్గరికొచ్చేస్తానని మాటిస్తాడు. మంచి సూటు వేసుకుని అందుకు సిద్ధమవుతాడు కూడా. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి చూస్తే, కొత్తగా దిగుతున్న కుటుంబం కారుకి ట్రైలర్ తగిలించుకుని, నడపకూడని దారిలో రివర్స్ చేస్తోంది. అదీ అడ్డదిడ్డంగా! చావు సంగతి తర్వాత, ముందు వీళ్ల సంగతి చూడాలని బయటికి పరుగెడతాడు.

ఆ సీన్‌కి అందరం నవ్వుతాం. ఒక్క క్షణం ఆగాకే గుండె కలుక్కుమంటుంది. ఈ లోకంతో పనైపోయిందనుకున్న మనిషిని ఇంకా పట్టి ఉంచింది ఆ రూల్స్ ఒక్కటే. అతను ఏడవడం మనకి పెద్దగా కనిపించదు. బదులుగా బోర్డులు చూపించి అరుస్తుంటాడు. పూలకొట్లో రెండు గుత్తులు కొంటేనే వచ్చే తగ్గింపు ఒక్క గుత్తికి ఎందుకివ్వరని గొడవపడతాడు. సోన్యా పోవడం అన్యాయం, దాని మీద ఎక్కడా ఫిర్యాదు చేయలేం. సైకిల్ తప్పు చోట పెడితే మాత్రం చేయొచ్చు కదా! సినిమా ఈ మాట ఎక్కడా నోటితో చెప్పదు. నేను రెండోసారి చూసినప్పుడు నాకు తట్టింది ఇదే.

నాకు బాగా నచ్చేది ఇంకోటి ఉంది. ఈ సినిమాలో ఊవెని ఓదార్చడానికంటూ ఎవరూ కంకణం కట్టుకోరు. పర్వానే వచ్చేది నిచ్చెన కోసం. ఆ నిచ్చెన మీంచి వాళ్లాయన పడతాడు, మళ్లీ వచ్చేది ఆస్పత్రికి దింపమని. ఆ తర్వాత డ్రైవింగ్ నేర్పమంటుంది. పాత ఫ్రెండ్ రూనె భార్య అనీటాకి రేడియేటర్లు పనిచేయట్లేదు. మంచులో వణుకుతున్న పిల్లి ఒకటి. నాన్న ఇంట్లోంచి గెంటేసిన మిర్సాద్ అనే కుర్రాడికి రాత్రికి పడుకోవడానికి చోటు కావాలి. ఊవె ప్రతిసారీ విసుక్కుంటాడు, ప్రతిసారీ చేసిపెడతాడు. అతను కుదురుగా చచ్చిపోదామన్నప్పుడల్లా ఎవరో ఒకరు బెల్ కొడతారు. ఊవె బతికింది ఓదార్పుతో కాదు, పక్కవాళ్లు పెట్టిన ఇబ్బందితో.

మా పెద్దమ్మ పోయాక పెదనాన్న ఓ నోట్‌బుక్ పెట్టారు. వీధిలో ఎవరింట్లో వాటర్ మోటార్ ఎంతసేపు నడిచిందో టైముతో సహా అందులో రాసేవారు. ట్యాంక్ పొంగితే ఆ ఇంటి ముందుకెళ్లి నిలబడేవారు. చుట్టాలు ‘ఎలా ఉన్నారు బాబాయ్?’ అంటే ‘బానే ఉన్నా’, అంతే, ఫోన్ కట్. మా అక్క మాత్రం పరామర్శలు పక్కనపెట్టి, వాళ్లబ్బాయి సైకిల్ తెచ్చి ఆయన ముందు పడేసింది. ‘చైన్ ఊడిపోతోంది నాన్నా, షాపువాడు బాగుచేసింది రెండ్రోజులు కూడా ఆగట్లేదు’ అంది. ఆయన షాపువాణ్ణి ఓ అరగంట తిట్టారు. తర్వాత స్పానర్ తెమ్మన్నారు. అక్క అప్పటికి ఈ సినిమా చూడనేలేదు.

అందుకే డ్రైవింగ్ సీన్ అంటే మాకు ప్రాణం. సిగ్నల్ దగ్గర పర్వానే కారు ఆగిపోతుంది. వెనకున్నవాడు హారన్ మోత. ఊవె దిగి వెళ్లి వాడి దుమ్ము దులిపి, వెనక్కొచ్చి పర్వానేకి క్లాసు పీకుతాడు. ఇద్దరు పిల్లల్ని కన్నావు, మూడోది కడుపులో ఉంది, దేశం దాటొచ్చి కొత్త భాష నేర్చుకున్నావు, నీకు ఈ గేరు ఓ లెక్కా అన్నట్టు. పొగుడుతున్నాడని అతనికే తెలియనట్టుగా, తిట్టే గొంతుతోనే పొగుడుతాడు. మన ఇళ్లలో చాలామంది పెద్దవాళ్లకి వచ్చిన ప్రేమభాష కూడా ఇదేగా!

కార్ల గొడవ గురించి చెప్పకపోతే ఫ్యాన్స్ ఊరుకోరు. ఊవెది సాబ్, రూనెది వోల్వో. ఒకడు కొత్త మోడల్ కొంటే ఇంకొకడు తన కంపెనీలో కొత్తది కొంటాడు. ఏళ్ల తరబడి ఇదే పంతం. చివరికి రూనె బీఎండబ్ల్యూ కొనేసరికి మాటలే బంద్. చూసేవాళ్లకి కామెడీయే. స్వీడన్‌వాళ్లకి మాత్రం అది మనకి హీరోల ఫ్యాన్ వార్ లాంటిది. సాబ్ కార్ల కంపెనీ 2011 డిసెంబర్‌లో దివాలా తీసింది, నవల వచ్చింది ఆ మరుసటి ఏడాది. అంటే ఊవె అంత గట్టిగా పట్టుకున్న కంపెనీ కూడా అప్పటికే పోయింది. ఈ సంగతి తెలిశాక చూస్తే, ఆ కారు తలుపు వేసే చప్పుడు కూడా వేరేగా వినిపిస్తుంది.

సోన్యా ఫ్లాష్‌బ్యాక్‌లు వచ్చేది ఊవె పోదామనుకున్న ప్రతిసారీ. రైల్లో అతని టికెట్ డబ్బులు ఆమె కట్టడం, ఆ బాకీ తీర్చడానికి అతను మళ్లీ మళ్లీ అదే రైలెక్కడం. హోటల్లో ఆమె నచ్చినవన్నీ తినాలని తను ఇంట్లోనే తినేసి రావడం. ఆ తర్వాత స్పెయిన్‌లో బస్సు ప్రమాదం. కడుపులో బిడ్డ పోయింది, ఆమె వీల్‌చైర్‌కి పరిమితమైంది. టీచర్ ఉద్యోగం వచ్చినా స్కూల్లోకి వీల్‌చైర్ వెళ్లే దారి లేదు. అర్జీలన్నీ బుట్టదాఖలు. ఊవె రాత్రికి రాత్రే, వానలో, ఒక్కడే ర్యాంపు కట్టేస్తాడు. ఆఫీసు మనుషులంటే అతనికి ఒంటికి ఎందుకు పడదో అప్పుడర్థమవుతుంది.

కొంతమందికి ఇది సెంటిమెంట్ పిండేసిన సినిమా అనిపిస్తుంది. ఆ మాటలో కొంత నిజముంది. మ్యూజిక్ కొన్నిచోట్ల ఎక్కువే, మిర్సాద్ కథకి ఇంకాస్త చోటు ఇవ్వాల్సింది. కానీ రాల్ఫ్ లాస్‌గార్డ్ ముఖం వాటన్నింటినీ దాటించేస్తుంది. మరో మాట... ఈ సినిమాలో చావాలనే ప్రయత్నాల మీద జోకులున్నాయి. మీరే ఇప్పుడు అలాంటి ఆలోచనలతో సతమతమవుతుంటే, సినిమా తర్వాత చూడొచ్చు. ముందు టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక అసలు పంచాయితీ: ఊవెనా, ఆటోనా? హాలీవుడ్ దీన్ని 2022లో ‘ఎ మ్యాన్ కాల్డ్ ఆటో’గా తీసింది. హీరో టామ్ హ్యాంక్స్, డైరెక్టర్ మార్క్ ఫోర్స్టర్. సాబ్, వోల్వోల బదులు షెవర్లే, ఫోర్డ్. ఇరాన్ పర్వానే బదులు మెక్సికో మారిసోల్. కుర్ర ఆటోగా హ్యాంక్స్ కొడుకు ట్రూమన్ నటించాడు. మారిసోల్‌గా చేసిన మరియానా ట్రెవినో కోసమైనా ఆ సినిమా చూడాలి, తెర మీదికి రాగానే వెలుగొచ్చినట్టుంటుంది. కానీ టామ్ హ్యాంక్స్ ఎంత అరిచినా, ఈయన మంచోడేలే అని మనకి మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. లాస్‌గార్డ్ అరిస్తే మాత్రం నిజంగానే భయమేస్తుంది. ఆ భయం కాస్త కాస్తగా కరగడమే నాకు కావాల్సింది. అందుకే నా ఓటు ఊవెకే. మా గ్యాంగ్‌లో సగం మంది ఒప్పుకోరు, వాళ్లిష్టం.

మొదటిసారి చూసేవాళ్లు స్వీడిష్‌దే ముందు చూడండి, సబ్‌టైటిల్స్‌తోనే. మెట్రోలోనో బస్సులోనో ఫోన్ పట్టుకుని మాత్రం మొదలుపెట్టకండి. చివరి పది నిమిషాల్లో మంచు కురుస్తుంది, ఊవె గుమ్మం ముందు దారి ఊడ్చి ఉండదు. పర్వానేకి విషయం అర్థమై పరుగెత్తేసరికి మీ స్టాప్ దాటిపోతుంది.